పాత అమెరికన్ రైలు బోగీలకి, వ్యాగన్లకి అసలు రంగు పట్టుకోవడం ఎలా

పాత అమెరికన్ రైళ్ల మోడల్స్ చేసేవాళ్లు, ట్రెయిన్ సిమ్యులేటర్ కోసం బోగీలు గీసేవాళ్లు, మ్యూజియంలో శిథిలమైన వ్యాగన్ బాగుచేసేవాళ్లు అందరూ చిక్కుకునేది ఒక్కచోటే: రంగు దగ్గర. ఒక పెయింట్ కంపెనీ డబ్బా మీద ‘బాక్స్ కార్ రెడ్’ అని ఉంటుంది (బాక్స్ కార్ అంటే అన్ని వైపులా మూసి ఉండే గూడ్స్ వ్యాగన్). ఇంకో కంపెనీ డబ్బా మీదా అదే పేరు. మూతలు తీసి పక్కపక్కన పెడితే ఒకటి ఇటుక రంగు, ఇంకోటి చాక్లెట్ రంగు. ఏది నిజం? రెండూ నిజమే కావచ్చు. మీ వ్యాగన్‌కి మాత్రం రెండూ తప్పే కావచ్చు.

ఎందుకంటే ఫలానా రైల్‌రోడ్‌కి ఫలానా రంగు అని ఒకే మాటలో చెప్పేస్తే లెక్క తేలదు. ఫలానా నంబరు వ్యాగన్‌కి, ఫలానా సంవత్సరంలో ఉన్న రంగు ఏమిటి అని అడిగితేనే జవాబు దొరుకుతుంది. కింద చెప్పే పద్ధతంతా ఆ ప్రశ్న చుట్టూ తిరిగేదే. పెయింట్ కొనడం చివర్లో వస్తుంది, తొందరపడకండి.

ముందు తేదీ తేల్చుకోండి

ఒక కాగితం మీద మూడు విషయాలు రాయండి: కంపెనీ పేరు, బండి నంబరు, సంవత్సరం. ‘1950ల నాటి రీఫర్’ అని రాస్తే చాలదు. ఐసు వేసి పండ్లు, కూరగాయలు మోసే ఆ రీఫర్ వ్యాగన్లనే తీసుకోండి. యూనియన్ పసిఫిక్, సదరన్ పసిఫిక్ కలిసి 1906లో పెట్టిన పసిఫిక్ ఫ్రూట్ ఎక్స్‌ప్రెస్ వ్యాగన్ల పక్కలు మొదట్లో పసుపు. 1929 నుంచి లేత నారింజకి మారాయి. 1928 నాటి సీన్ కడుతూ నారింజ రీఫర్ల వరస నిలబెడితే, తెలిసినవాళ్లు ఒక్క చూపులో పట్టేస్తారు.

ప్రయాణికుల బోగీల్లో మార్పులు ఇంకా పెద్దవి. మిల్వాకీ రోడ్ బోగీలు నారింజ, మెరూన్ రంగుల్లో తిరిగేవి. 1955లో యూనియన్ పసిఫిక్ వారి ‘సిటీ’ రైళ్లని షికాగో వైపు నడిపే పని ఆ కంపెనీకి వచ్చింది. దాంతో తన బోగీలకీ యూనియన్ పసిఫిక్ పసుపే వేసుకోవడం మొదలుపెట్టింది. గ్రేట్ నార్తర్న్ 1967లో ‘బిగ్ స్కై బ్లూ’ అనే నీలానికి మారింది. ఇలాంటి మార్పు ప్రకటించిన రోజునే అన్ని బండ్లూ మారిపోవు. మరమ్మతు షాపుకి వచ్చినప్పుడల్లా ఒక్కొక్కటిగా మారతాయి. కాబట్టి మారిన తర్వాత కొన్నేళ్లపాటు పాత రంగు, కొత్త రంగు ఒకే రైల్లో కలిసి కనిపిస్తాయి. మీరు కట్టేది అలాంటి సంధికాలమైతే రెండూ పెట్టుకోవచ్చు, నిజానికి పెట్టుకోవాలి కూడా.

చేతిలో ఫోటో ఉండి దాని తేదీ తెలియకపోతే, వ్యాగన్ పక్కన ఉన్న చిన్న అక్షరాలు చదవండి. రంగు కంటే ముందు అవే మాట్లాడతాయి.

తయారైన తేదీ ‘బిఎల్‌టి’ (బిల్ట్‌కి పొట్టి రూపం) అనే మూడక్షరాల పక్కన ఉంటుంది. ఇది రంగు వేసిన తేదీ కాదు. ఎన్నిసార్లు రంగు మార్చినా దీన్ని అలాగే తిరిగి రాస్తారు. ఖాళీ బరువు పక్కన ఉండే తేదీ ఎక్కువ పనికొస్తుంది. వ్యాగన్‌ని కొన్నేళ్లకోసారి మళ్లీ తూచి, తూచిన చోటు గుర్తు, నెల, సంవత్సరం రాసేవారు. ఫోటో ఆ తేదీకి ముందుది అయ్యే అవకాశమే లేదు.

పైకప్పు మీద నడిచే పలక లేకుండా కొత్త వ్యాగన్లు రావడం 1966 నుంచి మొదలైంది. పక్కన రంగురంగుల అడ్డగీతల చిన్న పలక కనిపిస్తే అది ఆటోమేటిక్ గుర్తింపు లేబుల్. 1967లో తప్పనిసరి చేశారు, 1977లో ఆ పద్ధతే వదిలేశారు. వదిలేసిన తర్వాత కూడా పలకలు పీకలేదు కాబట్టి, లేబుల్ ఉంటే ‘1967కి ముందుది కాదు’ అని మాత్రమే చెప్పొచ్చు. నల్ల చదరంలో పసుపు చుక్క కనిపిస్తే 1978 లేదా ఆ తర్వాత. కొన్ని చక్రాలు పగిలే ప్రమాదం ఉందని తనిఖీ చేసి, బాగున్న వ్యాగన్లకి పెట్టిన గుర్తు అది. రీఫర్ పక్కల నిండా మాంసం కంపెనీ, బీర్ కంపెనీ ప్రకటనలు ఉంటే లెక్క వెనక్కి పోతుంది. అలాంటి ప్రకటనల వ్యాగన్లని, రైల్‌రోడ్లని నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఇంటర్‌స్టేట్ కామర్స్ కమిషన్ 1934లో తప్పుపట్టింది. 1937 నాటికి అవి పట్టాల మీద నుంచి తప్పుకోవాల్సి వచ్చింది.

ఏ కాలానికి ఏ రంగు వస్తుందో అంచనా వేసుకోండి

వెతకబోయే ముందు, దొరకాల్సింది సుమారుగా ఏమిటో తెలిసి ఉండాలి. లేకపోతే తప్పు జవాబు ఎదురైనా గుర్తుపట్టలేరు.

గూడ్స్ వ్యాగన్ల సంగతి ఒక్క పదార్థంతో మొదలవుతుంది: ఇనుప ఆక్సైడ్, మనం కావి అనేదే. చవక, ఎండకి వెలిసిపోదు, అవిసె నూనెలో కలిపి కొడితే చెక్కని కాపాడుతుంది. వేల వ్యాగన్లు ఉన్న కంపెనీకి ఇంకేం కావాలి? అందుకే 19వ శతాబ్దం నుంచి డీజిల్ యుగం దాకా అమెరికాలో బాక్స్ కార్ అంటే ఎక్కువగా ఈ రంగే. అయితే ఈ కావి గనిని బట్టి మారుతుంది. పెన్సిల్వేనియాలో లీహై గ్యాప్ దగ్గర తవ్విన ఖనిజంతో చేసిన ప్రిన్సెస్ మినరల్ బ్రౌన్ పేరుకి తగ్గట్టే గోధుమ వైపు ఉండేది. ఇంకో గని మట్టి నారింజ వైపు వెళ్లేది. పొడి ఎంత మెత్తగా నూరారు అన్నదాన్ని బట్టి కూడా రంగు జరుగుతుంది: మెత్తటి పొడి కాస్త పసుపు కలిసిన ఎరుపు, గరుకు పొడి ఊదా వైపు మొగ్గిన ఎరుపు. ‘బాక్స్ కార్ రెడ్’ పేరుతో అన్ని రకాల డబ్బాలు ఉండడానికి కారణం ఇదే. తయారీదారులు అబద్ధం చెప్పడం లేదు. ఒక్కొక్కరు ఒక్కో ముక్కని చూసి కలిపారు, అంతే.

మిగతా వ్యాగన్లకి కొండగుర్తులు ఇవి. బొగ్గుని అడుగు నుంచి కుమ్మరించే హాపర్ వ్యాగన్లలో నలుపు చాలా ఎక్కువ, ట్యాంక్ కార్లలోనూ అంతే. రీఫర్లు పసుపు, నారింజ. వాటిలో కూడా పైకప్పు, రెండు చివరలు తరచుగా కావి రంగే. మోడల్‌లో మొత్తం పసుపు కొట్టేసి మరిచిపోయేది ఇక్కడే. గూడ్స్ రైలు చివర సిబ్బంది ఉండే కబూస్‌లు చాలా కంపెనీల్లో ఎరుపు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వ్యాగన్ పక్కల్ని ప్రచారానికి వాడుకోవడం మొదలైంది. న్యూయార్క్ సెంట్రల్ 1946లో ‘పేస్‌మేకర్’ సర్వీసు బాక్స్ కార్లకి ఎరుపు, బూడిద రంగులు వేసింది. బ్యాంగర్ అండ్ అరూస్టుక్ కంపెనీ మెయిన్ రాష్ట్రపు బంగాళాదుంపల ప్రచారానికి ఎరుపు, తెలుపు, నీలం పట్టీల బాక్స్ కార్లు నడిపింది. 1974లో పసుపు ‘రెయిల్‌బాక్స్’ వ్యాగన్లు వచ్చేసరికి గూడ్స్ రైలు రంగుల జాతరైంది.

ప్రయాణికుల బోగీలకి ఇంకో దారి. చెక్క బోగీల కాలంలో రంగు మీద వార్నిష్ పొరలు మీద పొరలు వేసేవారు. అందుకే ప్రయాణికుల రైలుని సిబ్బంది ‘వార్నిష్’ అనే పిలిచేవారు. పాత వార్నిష్ పసుపెక్కుతుంది. దాని కింద నీలం ఉంటే పచ్చగా, తెలుపు ఉంటే మీగడలా కనిపిస్తుంది. పుల్‌మన్ కంపెనీ స్లీపర్లు, అంటే పడక బోగీలు, మొదట్లో ముదురు గోధుమ రంగు. 1900 ప్రాంతంలో ‘పుల్‌మన్ గ్రీన్’కి మారాయి. ఇది నలుపుకి చాలా దగ్గరగా, ఆలివ్ ఛాయతో ఉండే ఆకుపచ్చ. 1910 తర్వాత ఉక్కు బోగీలు పెద్ద సంఖ్యలో వచ్చినప్పుడు చాలా కంపెనీలు దీన్నే పట్టుకున్నాయి. పెన్సిల్వేనియా రైల్‌రోడ్ మాత్రం తన టస్కన్ ఎరుపుని, అంటే గోధుమ కలిసిన ముదురు ఎరుపుని, వదల్లేదు. బాల్టిమోర్ అండ్ ఒహాయో అంతకుముందే, 1890లో, ‘రాయల్ బ్లూ’ రైళ్లతో నీలానికి పేరు తెచ్చుకుంది.

1934తో లెక్క మారిపోతుంది. ఆ ఏడు యూనియన్ పసిఫిక్ వారి ఎం-10000 అనే రైలు పసుపు, గోధుమ రంగుల్లో వచ్చింది. అదే ఏడు బర్లింగ్టన్ వారి జెఫిర్ అసలు పెయింటే లేకుండా మెరిసే స్టెయిన్‌లెస్ స్టీల్‌తో వచ్చింది. తర్వాత వరసగా సదరన్ పసిఫిక్ ‘డేలైట్’ ఎరుపు, నారింజ, నలుపు 1937లో. హెన్రీ డ్రైఫస్ డిజైన్ చేసిన న్యూయార్క్ సెంట్రల్ ‘ట్వెంటియత్ సెంచరీ లిమిటెడ్’ బూడిద రంగులు 1938లో. ఇలినాయ్ సెంట్రల్ ‘పనామా లిమిటెడ్’ చాక్లెట్, నారింజ 1942లో. గ్రేట్ నార్తర్న్ ‘ఎంపైర్ బిల్డర్’ నారింజ, పుల్‌మన్ గ్రీన్ 1947లో.

ఇక్కడో ఉచ్చు ఉంది. బోగీ ఎవరిదైతే రంగు వాళ్లదే అనుకోకండి. దూరప్రాంత రైళ్లని రెండు మూడు కంపెనీలు కలిసి నడిపేవి. ఎంపైర్ బిల్డర్‌లో బర్లింగ్టన్ కంపెనీ సొంత బోగీలు కూడా ఉండేవి, వాటికీ గ్రేట్ నార్తర్న్ నారింజ, ఆకుపచ్చే. వబాష్ కంపెనీ బోగీ యూనియన్ పసిఫిక్ పసుపులో తిరిగింది. పుల్‌మన్ స్లీపర్లు కూడా ఏ కంపెనీ రైలుకి కేటాయిస్తే ఆ రంగు వేసుకునేవి. 1971 మేలో దేశమంతటా ప్రయాణికుల రైళ్లు నడిపే ఆమ్‌ట్రాక్ సంస్థ మొదలైనప్పుడు అన్ని కంపెనీల బోగీలూ పాత రంగులతోనే ఒకే రైల్లో కలిసిపోయాయి. ఆ కాలం మోడల్ చేసేవాళ్లకి టెన్షన్ తక్కువ, ఏ రెండు రంగులు పక్కన పెట్టినా ఎక్కడో ఒక ఫోటో సమర్థిస్తుంది.

కాగితాలు వెతకండి

రైల్‌రోడ్లు పెయింట్ కొనేటప్పుడు తయారీదారుకి రంగు ముక్క ఇచ్చేవి. దాన్ని డ్రిఫ్ట్ కార్డు అంటారు. ఇదీ మా రంగు, ఇంతకంటే లేతగా పోకూడదు, ఇంతకంటే ముదరకూడదు అని హద్దులతో సహా చూపే కార్డు. ఉన్నవాటిలో ఇదే గట్టి సాక్ష్యం. దానితో పాటు ‘పెయింటింగ్ అండ్ లెటరింగ్ డయాగ్రమ్’ అనే డ్రాయింగ్ ఉంటుంది. ఏ భాగానికి ఏ రంగు, ఏ అక్షరం ఎన్ని అంగుళాలు, పైకప్పు మీద ఏం పూయాలి అన్నీ అందులో రాసి ఉంటాయి. అడుగు భాగం, చక్రాల ట్రక్కులు ఏ రంగో ఫోటోల్లో తేలదు, ఈ డ్రాయింగులోనే తేలుతుంది.

ఇవి ఎక్కడుంటాయి? పుల్‌మన్ కంపెనీ రికార్డులు షికాగోలోని న్యూబెర్రీ లైబ్రరీలో ఉన్నాయి. పెన్సిల్వేనియా రైల్‌రోడ్ కాగితాల పెద్ద భాగం డెలావేర్ రాష్ట్రంలో విల్మింగ్టన్ దగ్గర హాగ్లీ లైబ్రరీలో ఉంది. స్ట్రాస్‌బర్గ్‌లోని రైల్‌రోడ్ మ్యూజియం ఆఫ్ పెన్సిల్వేనియా, శాక్రమెంటోలోని కాలిఫోర్నియా స్టేట్ రైల్‌రోడ్ మ్యూజియంలలో కూడా లైబ్రరీలున్నాయి. వీటికంటే తొందరగా పని జరిగేది ఆయా కంపెనీల చరిత్ర సంఘాల దగ్గర. పెన్సిల్వేనియాకి, శాంటా ఫేకి, ఇంకా చాలా కంపెనీలకి అభిమానులు నడిపే సంఘాలున్నాయి. రాసేటప్పుడు ‘మీ కంపెనీ రంగు ఏమిటి’ అని అడిగితే మూడు వాక్యాల జవాబొస్తుంది. నంబరు, సంవత్సరం ఇచ్చి ‘ఈ తరగతి వ్యాగన్‌కి ఈ తేదీన వర్తించే కార్డు ఏది’ అని అడగండి. అలాంటి ప్రశ్న కోసమే ఎదురుచూసే మనిషి అక్కడ తప్పకుండా ఉంటాడు.

కార్డు చేతికొచ్చినా గుడ్డిగా నమ్మకండి. అది కూడా పాతదే. అవిసె నూనె పెయింట్ చీకట్లో ఉంచితే పసుపెక్కుతుంది, వెలుగులో ఉంచితే కొన్ని రంగులు వెలుస్తాయి. కార్డు వెనక తేదీ ఉందా, దాని తర్వాత ఇంకో కార్డు వచ్చిందా అన్నది ముఖ్యం.

అసలు పెయింట్ దొరికితే గీకి చూడండి

మ్యూజియంలో పనిచేసేవాళ్లకి, లేదా పాత వ్యాగన్ చెక్క ముక్క చేతికొచ్చినవాళ్లకి ఈ భాగం. మోడల్ మాత్రమే చేసేవాళ్లు ఫోటోల భాగానికి వెళ్లిపోవచ్చు. కానీ ఇది చదివితే మ్యూజియం ఇచ్చే రిపోర్టు అర్థమవుతుంది.

మొదట జాగ్రత్త. ఈ పెయింట్లలో సీసం ఉంటుందనే అనుకోండి. తెల్ల అక్షరాల్లో సీసపు తెలుపు, ఉక్కు మీద తుప్పు పట్టకుండా వేసిన నారింజ ప్రైమర్‌లో ఎర్ర సీసం, పసుపులో సీసపు క్రోమేట్. పొడిగా గీకొద్దు, గాలి మిషన్‌తో ఊదొద్దు, వేడి గాలి గన్ వాడొద్దు. నీటితో తడిపి రుద్దండి, సన్నటి దుమ్ముని ఆపే మాస్కు పెట్టుకోండి, కింద ప్లాస్టిక్ పరిచి చివర్లో తుడిచిన గుడ్డలతో సహా మూటకట్టి ప్రమాదకర చెత్తలో వేయండి. పిల్లలున్న ఇంట్లో ఈ పని అసలు చేయొద్దు.

చోటు ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. ఎండ తగిలిన పక్క పలక మీద ఏమీ మిగలదు. చేతిపట్టు కడ్డీ బోల్టు కింద, చెక్క పట్టీ వెనక, నంబరు పలక అడుగున, తలుపు పట్టా మూలల్లో పాత పొరలన్నీ వరసగా కూర్చుని ఉంటాయి. అలాంటి చోట స్కాల్‌పెల్‌తో చిన్న గుంట చేయండి. తర్వాత తడి ఎమరీ కాగితంతో, గరుకుది మొదలుపెట్టి సన్నదానికి వెళుతూ, గుండ్రంగా రుద్దండి. రుద్దుతుంటే గుంట అంచులు వాలి, ఒక్కో పొర ఒక్కో వలయంగా బయటపడుతుంది. మధ్యలో చెక్క, దాని చుట్టూ బూడిద ప్రైమర్, ఆపైన కావి, దాని మీద సన్నటి నల్ల గీత, మళ్లీ కావి. ఆ నల్ల గీత పెయింట్ కాదు, ఒకసారి రంగు వేసినదానికి, మళ్లీ వేసినదానికి మధ్య పేరుకున్న మసి. పొరలు లెక్కపెట్టేటప్పుడు ఈ మసి గీతలే మీకు సరిహద్దు రాళ్లు. గీత లేకుండా రెండు పొరలు అంటుకుని ఉంటే, అవి బహుశా ఒకే విడతలో వేసిన రెండు కోటింగులు.

పదిరెట్లు పెంచే భూతద్దం ఉంటే చాలు. చూసిన వెంటనే రంగు రాసేయొద్దు. ఇన్నాళ్లు చీకట్లో ఉన్న అవిసె నూనె పసుపెక్కి ఉంటుందని చెప్పాను కదా, ఆ గుంటని కొన్ని రోజులు పగటి వెలుగులో వదిలేయండి. ఆ పసుపు చాలావరకు దిగుతుంది. అప్పుడు ఆ చోటుని ఒక చుక్క నీటితో తడిపి, మన్సెల్ పుస్తకంలోని ముక్కలతో పోల్చండి. ఆల్బర్ట్ మన్సెల్ 1905లో ప్రతిపాదించిన ఈ పద్ధతిలో ప్రతి రంగుకీ మూడు కొలతలుంటాయి: అసలు ఛాయ, ఎంత లేత లేదా ముదురు, ఎంత గాఢం. ‘2.5 వైఆర్ 3/4’ అని ఉంటే ఎరుపు నారింజ మధ్య ఛాయ, ముదురు వైపు, గాఢత తక్కువ అని. అంటే ఒక రకం కావి. ‘ఎర్రగా గోధుమగా ఉంది’ అని రాసుకున్న నోట్సు ఏడాది తర్వాత మీకే అర్థం కాదు. ఈ అంకెలు ఎవరికి పంపినా అర్థమవుతాయి.

ఇంకో మాట. మ్యూజియంలో నిలబెట్టిన బండి పైకి కనిపించే రంగుని సాక్ష్యంగా తీసుకోవద్దు. అది చాలాసార్లు ఇటీవల ఎవరో వేసింది. వేసేముందు పొరలు చూశారా, కార్డు చూశారా అని అడగండి. చూసి ఉంటే రిపోర్టు ఉంటుంది.

ఫోటోలని ఏ పనికి వాడాలో ఆ పనికే వాడండి

ఫోటో రంగు చెప్పదు, తేడా చెబుతుంది. తలుపు, పక్క పలక ఒకే రంగా కాదా, పైకప్పు ముదురా లేతా, పట్టీ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది... వీటికి ఫోటోని మించింది లేదు. రంగు అంకెలు మాత్రం ఫోటో నుంచి తీయొద్దు. స్క్రీన్ మీద కలర్ పికర్ పెట్టి నొక్కి వచ్చిన సంఖ్యతో పెయింట్ కలిపితే వచ్చేది ఆ స్కానర్ రంగు, రైలు రంగు కాదు.

నలుపు తెలుపు ఫోటోల్లో ఇంకా మోసం. పాత ఆర్థోక్రోమాటిక్ ఫిల్మ్‌కి ఎరుపు కనపడదు. ఎర్రటి వ్యాగన్ దాదాపు నల్లగా పడుతుంది, నీలం బోగీ వెలిసినట్టు తెల్లగా పడుతుంది. అన్ని రంగులనీ పట్టే ప్యాంక్రోమాటిక్ ఫిల్మ్ 1920లు, 30లలో మెల్లగా మామూలైంది. కాబట్టి 1905 నాటి ఫోటోలో పసుపు రీఫర్ నల్లబడి ఉంటే ‘అది ఎరుపు’ అని తేల్చేయకండి, పసుపు కూడా ముదురుగానే పడుతుంది. అదే ఫోటోలో మీకు రంగు కచ్చితంగా తెలిసిన వస్తువు, అంటే జెండానో ఇంకో కంపెనీ వ్యాగనో ఉందేమో చూసి దానితో పోల్చండి.

కలర్ ఫోటోల్లో కొడాక్రోమ్ నమ్మదగ్గది. 35 మిల్లీమీటర్ల కొడాక్రోమ్ 1936లో వచ్చింది, చీకట్లో దాచిన స్లైడ్ల రంగులు దశాబ్దాలపాటు నిలిచాయి. ఆ కాలపు మిగతా కలర్ ఫిల్ములు చాలావరకు ఎరుపు వైపు తిరిగిపోయాయి. జాక్ డెలానో 1942, 43లలో షికాగో రైలు యార్డుల్లో, శాంటా ఫే దారి పొడవునా ప్రభుత్వం కోసం తీసిన కలర్ ఫోటోలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. పెద్ద ఫైళ్లు దించుకుని, ఒక యార్డు ఫోటోని పూర్తి సైజులో నింపాదిగా చూడండి. ఒకే వరసలో నిలబడ్డ బాక్స్ కార్లలో ఏ రెండూ ఒకేలా లేకపోవడం కంటికి కనిపిస్తుంది. నా మటుకు నాకు, వందల పేజీల చర్చ కంటే ఆ ఒక్క ఫోటో ఎక్కువ నేర్పుతుంది.

ఇప్పుడు కలపండి

డబ్బాలోంచి నేరుగా వచ్చే రంగుతో కావికి దగ్గరగా వెళ్లడం కష్టం కాదు. ఒక ఆక్సైడ్ ఎరుపు కొనండి, దాన్ని జరపడానికి పసుపు మట్టి రంగు ఒకటి, ముదురు గోధుమ ఒకటి చాలు. నారింజ వైపు కావాలంటే మొదటిది, చాక్లెట్ వైపు కావాలంటే రెండోది. ముదరబెట్టడానికి నలుపు వాడితే రంగు చచ్చిపోయి ఊదాలోకి జారుతుంది. లేత చేయడానికి తెలుపు వాడితే గులాబీ అవుతుంది, దానికి బదులు లేత ఇసుక రంగు వేయండి. పుల్‌మన్ గ్రీన్‌కి ఆకుపచ్చ డబ్బాతో మొదలుపెట్టకండి. నలుపులో పసుపు కలుపుతూ వెళ్తే ఆలివ్ దానంతట అదే వస్తుంది. చివర్లో ఆకుపచ్చ ఒక చుక్క సరిపోతుంది.

చుక్కల లెక్కన కలిపి, ప్రతి మిశ్రమాన్నీ ప్రైమర్ వేసిన ప్లాస్టిక్ ముక్క మీద పూయండి. ముక్క వెనకే చుక్కల లెక్క, బండి నంబరు, తేదీ, ఏ సాక్ష్యం చూసి కలిపారో రాయండి. తడిగా ఉన్నప్పుడు తీర్పు ఇవ్వకండి. యాక్రిలిక్ ఆరితే ముదురుతుంది. మెరుపు కూడా లెక్కలోకి వస్తుంది: అదే పెయింట్ మెరిస్తే ముదురుగా, మ్యాట్‌గా ఉంటే లేతగా కనిపిస్తుంది. కార్డు మెరిసేదైతే మీ ముక్క మీద కూడా మెరిసే కోటింగ్ వేసి అప్పుడు పోల్చండి.

వెలుగు సంగతి చాలామంది వదిలేస్తారు. కిటికీ దగ్గర సరిపోయిన రెండు రంగులు ట్యూబ్‌లైట్ కింద వేరుగా కనిపించొచ్చు. రెండిటిలో వాడిన రంగు పొడులు వేరైతే ఇలా జరుగుతుంది. పగటి వెలుగులో ఒకసారి, మీ లేఅవుట్ (మోడల్ రైళ్లు నడిపే బల్ల) మీద వెలిగే బల్బు కింద ఇంకోసారి చూడండి. రెండిట్లో గొడవ వస్తే లేఅవుట్ బల్బుకే ఓటు వేయండి, మోడల్ బతికేది అక్కడే.

చిన్న మోడల్‌కి రంగు కాస్త లేత చేయాలా అన్న వాదన ఎప్పుడూ ఉంటుంది. 87వ వంతు సైజులో, గది వెలుగులో, అసలు రంగు నిజంగానే ముదురుగా అనిపిస్తుంది. నా లెక్క ఇది: పుల్‌మన్ గ్రీన్, టస్కన్ ఎరుపు లాంటి చీకటి రంగుల్ని కొద్దిగా లేత చేయండి, లేకపోతే రివెట్లు, కిటికీ చట్రాలు ఏవీ కనపడవు. పసుపు, నారింజల జోలికి వెళ్లొద్దు, అవి ఎలాగూ కళ్లలో పడతాయి.

డెకాల్స్, అంటే అక్షరాల స్టికర్లు, అంటించే ముందు ఒక మెరిసే కోటింగ్ తప్పనిసరి. మ్యాట్ పెయింట్ మీద అంటిస్తే గాలి చిక్కుకుని అక్షరాల చుట్టూ వెండి మరకలా మెరుస్తుంది. అక్షరాలు కుదిరాక, వ్యాగన్ అయితే మ్యాట్‌తో, ప్రయాణికుల బోగీ అయితే కొద్దిగా మెరుపు ఉంచే కోటింగ్‌తో ముగించండి. బోగీలని కడిగేవారు, వ్యాగన్లని కడిగినవారు లేరు.

వయసు వేయడం

షాపులోంచి అప్పుడే వచ్చిన వ్యాగన్ తప్ప ఏదీ కొత్త రంగుతో ఉండదు. ఎండకి పైపొర పొడిగా మారి కావి లేతబడుతుంది, తెల్ల అక్షరాల పొడి వానకి కిందికి కారి చారలు కడుతుంది. బొగ్గు ఇంజన్ల కాలమైతే అన్నిటి మీదా మసి, పైకప్పు మీద మరీ ఎక్కువ. జింకు పూత వేసిన పైకప్పులకి పెయింట్ సరిగా పట్టదు, పెచ్చులూడి బూడిద రంగు లోహం మచ్చలు మచ్చలుగా బయటపడుతుంది. 1940ల బాక్స్ కార్ల మోడల్స్‌లో ఇది చూపించేవాళ్లు తక్కువ, అసలు ఫోటోల్లో మాత్రం కొల్లలుగా కనిపిస్తుంది.

చివరగా ఖాళీ బరువు అంకెల దగ్గరికి రండి. మళ్లీ తూచినప్పుడు పాత అంకెల మీద చిన్న చదరంగా కొత్త పెయింట్ కొట్టి, దాని మీద కొత్త బరువు, తేదీ వేసేవారు. వెలిసిన వ్యాగన్ మీద ఆ చదరం ఒక్కటే కొత్తగా, ముదురుగా కనిపిస్తుంది. మీరు కలిపిన మొదటి మిశ్రమం, లేత చేయనిది, దాచి ఉంటే ఇక్కడ వాడండి. దాని మీద రాసే తేదీ మీరు మొదట కాగితం మీద రాసుకున్న సంవత్సరానికి ముందే ఉండాలి, మరీ చాలా ఏళ్లు ముందు మాత్రం కాదు.